చింతపండు పులుపు నుంచి స్వయం ఆధారిత ఉత్ప్రేరకాల దాకా

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. కర్బన రసాయన శాస్త్రం



వార్షికోత్సవ సంచికకు నీ విజయగాథ రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. నా ఎం.ఎస్సీ. పూర్తయి నాలుగు నెలలే అయింది. ఉద్యోగం ఇంకా రాలేదు. విజయగాథ రాయడానికి నాకింకా అర్హత లేదు. అందుకని నేను ఏడాదిపాటు ప్రాజెక్టు కోసం చదివిన ఒక పాఠాన్ని మీకు చెబుతాను. ఇది మీ పరీక్షలో రాదు. కానీ టెన్త్ చదివే తమ్ముడికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను. ఈ పాఠం నాకు ఏ పుస్తకంతోనూ మొదలు కాలేదు. మా నాయిన అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది.

నాయిన అడిగిన ప్రశ్న

మా నాయిన హైదరాబాదు శివార్లలో ఒక మందుల తయారీ కంపెనీలో కాంట్రాక్టు హెల్పరు. రియాక్టర్లు కడగడం, ఫిల్టర్ల మీద మిగిలిన మడ్డిని గీకి డ్రమ్ముల్లో నింపడం, ఆ డ్రమ్ములను షెడ్డులోకి దొర్లించడం ఆయన పని. చదివింది నాలుగో తరగతి. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే.

ఎం.ఎస్సీ. మొదటి ఏడాది దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఏం చదువుతున్నావు బిడ్డా అని నాయిన అడిగాడు. నేను గొప్పగా ఉత్ప్రేరకం గురించి చెప్పాను. "అది రసాయన చర్యను జల్ది చేపిస్తది నాయినా. తానైతే ఖర్చు గాదు. చివరికి ఎట్లున్నది అట్లనే మిగులుతది" అన్నాను.

నాయిన కాసేపు ఆలోచించి, "ఖర్చు కానిదైతే మరి డ్రమ్ములల్ల ఎందుకు పోస్తున్నం బిడ్డా?" అన్నాడు.

ఉత్ప్రేరకం నిర్వచనం మూడు తరగతుల్లో మూడుసార్లు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే దొరికిన సంగతులే ఈ వ్యాసం.

కుడి చెప్పు, ఎడమ చెప్పు

ముందుగా కొంత పునాది వేసుకుందాం. మన హాస్టల్ గుమ్మం ముందు రాత్రి చీకట్లో చెప్పులు వెతుక్కున్న అనుభవం అందరికీ ఉంది. కుడి చెప్పు, ఎడమ చెప్పు ఒకే రబ్బరుతో, ఒకే కొలతతో చేసినవే. అయినా కుడికాలి చెప్పు ఎడమకాలికి సరిపడదు. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఒకదానిమీద ఒకటి పెడితే సరిగా కూర్చోవు.

అణువుల్లో కూడా ఇలాంటి జతలు ఉంటాయి. ఒక కార్బన్ పరమాణువుకు నాలుగు వేర్వేరు సమూహాలు అతుక్కుంటే ఆ అణువుకు కుడి రూపం ఒకటి, ఎడమ రూపం ఒకటి ఏర్పడతాయి. ఈ గుణాన్ని కైరాలిటీ అంటారు. అలాంటి అణువు కైరల్ అణువు. ఆ రెండు ప్రతిబింబ రూపాలను ఎనాన్షియోమర్లు అంటారు. రెండూ సగం సగం కలిసి ఉంటే అది రెసిమిక్ మిశ్రమం.

నమ్మకం కుదరకపోతే ఆదివారం ఈ పని చేసి చూడండి. రెండు బంకమట్టి ఉండలు తీసుకుని ఒక్కోదానికి నాలుగు చీపురు పుల్లలు గుచ్చండి. పుల్లలన్నీ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. కొనలకు నానబెట్టిన శనగ, బఠాణీ, పల్లీ, అలసంద గింజలు ఒక్కొక్కటి గుచ్చండి. మొదటి బొమ్మను అద్దం ముందు పెట్టి, అద్దంలో కనబడే బొమ్మలాగే రెండోది తయారుచేయండి. ఎంత తిప్పినా రెండూ ఒకదానితో ఒకటి సరిపోలవు. ఇప్పుడు పల్లీ తీసేసి అక్కడ కూడా శనగే గుచ్చండి. వెంటనే రెండూ ఒకటైపోతాయి. నాలుగూ వేర్వేరుగా ఉండాలనే నియమం చేత్తో చూసి నేర్చుకున్నట్టవుతుంది.

చింతపండులో దాగిన చరిత్ర

మన సాంబారుకు పులుపునిచ్చే చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో కూడా ఉంటుంది. 1848లో లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణం ఒకదాన్ని స్ఫటికాలుగా చేసి పరిశీలించాడు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు, అంటే నాకంటే రెండేళ్లే పెద్ద. ఆ స్ఫటికాల్లో కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు మొగ్గి ఉన్నాయని గమనించి, చిమటాతో ఒక్కొక్కటి ఏరి రెండు కుప్పలుగా చేశాడు. ఒక కుప్ప ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పింది, రెండోది ఎడమవైపు తిప్పింది. అణువుల్లో కుడి ఎడమలు ఉన్నాయనడానికి అదే తొలి రుజువు. 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా దీనికి కారణం చెప్పారు. కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి ఆకారంలో ఉంటాయన్నారు.

చింతపండులో ఉన్నది ఒక్క రూపమే. ప్రకృతి చాలాచోట్ల ఇలాగే ఒక చేతివాటం పాటిస్తుంది. మన శరీరంలోని ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలు దాదాపు అన్నీ ఎల్-రూపంలోనివే. ఒక్క గ్లైసీన్‌కు మాత్రం కుడి ఎడమలు లేవు. శరీరమే ఒక చేతివాటంతో తయారైంది కాబట్టి కుడి ఎడమ అణువుల మధ్య తేడాను అది పట్టేస్తుంది. కార్వోన్ అనే పదార్థపు ఒక రూపం స్పియర్‌మింట్ అనే పుదీనా వాసన వేస్తుంది. దాని ప్రతిబింబం సోయకూర గింజల్లో ఉంటుంది. ఆ వాసన పూర్తిగా వేరు.

మందుల్లో దీని ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. జలుబు, తుమ్ములకు వాడే సిటిరిజిన్ మాత్ర పెద్దవాళ్లకు సాధారణంగా 10 మిల్లీగ్రాములు. అది రెసిమిక్ మిశ్రమం. అందులో పనిచేసే రూపాన్ని మాత్రమే వేరుగా తయారుచేస్తే అది లెవోసిటిరిజిన్. దాని మోతాదు 5 మిల్లీగ్రాములు. అంటే మొదటి మాత్రలో సగం బరువును మన శరీరం ఊరికే మోస్తున్నట్టే.

ప్రతిసారీ అది ఊరికే మోసే బరువుగానే ఉండకపోవచ్చు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే నిద్రమందును గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు అనేక దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. అది రెసిమిక్ మందు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక రూపాన్నే ఇచ్చి ఉంటే ప్రమాదం తప్పేదని చాలా పుస్తకాలు రాస్తాయి. ఈ మందు విషయంలో అది సరికాదు. శరీరంలోకి వెళ్లాక ఒక రూపం రెండోదిగా మారిపోతుంది. ఏదేమైనా, కైరల్ మందుల్లో రెండు రూపాలనూ విడివిడిగా పరిశీలించడం తర్వాతి కాలంలో తప్పనిసరి అయింది. 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై ప్రత్యేక విధానమే ప్రకటించింది.

ఒక చేతివాటం అణువును తయారుచేయడం ఎలా?

మామూలుగా ప్రయోగశాలలో కైరల్ అణువును తయారుచేస్తే కుడి ఎడమలు సగం సగం వస్తాయి. వాటిని వేరుచేయడం కష్టం. వేరుచేసినా సగం సరుకు వృథా. మొదటి నుంచీ కావలసిన రూపమే ఎక్కువగా వచ్చేలా చర్య జరపడాన్ని అసౌష్ఠవ సంశ్లేషణ అంటారు.

దీనికి కైరల్ లోహ ఉత్ప్రేరకాలు బాగా ఉపయోగపడతాయి. వీటిలో రెండు భాగాలు ఉంటాయి. నడుమ రోడియం, రుథీనియం, టైటానియం వంటి ఒక లోహం ఉంటుంది. దాని చుట్టూ సమన్వయ బంధంతో అతుక్కున్న కైరల్ లైగాండ్ ఉంటుంది. చర్య జరిగేది లోహం మీద. కానీ లైగాండ్ కుడిచేతి తొడుగులాగా చుట్టూ ఉండటంవల్ల ముడిపదార్థం లోహం దగ్గరికి ఒక పద్ధతిలోనే సులువుగా చేరగలదు. అప్పుడు హైడ్రోజన్ ఎక్కువగా అణువు ఒక ముఖంవైపు నుంచే చేరుతుంది. ఒకే రూపం ఎక్కువగా వస్తుంది.

ఎంత ఎక్కువగా వచ్చిందో చెప్పే కొలతను ఎనాన్షియోమర్ ఆధిక్యం అంటారు. లెక్క తేలిక. ఎక్కువ వచ్చిన రూపం శాతంలోంచి తక్కువ వచ్చిన రూపం శాతాన్ని తీసేయాలి. 98 పాళ్లు కుడి, 2 పాళ్లు ఎడమ వస్తే ఆధిక్యం 96 శాతం. సగం సగం వస్తే సున్నా.

దీనికి పేరున్న ఉదాహరణ ఎల్-డోపా. పార్కిన్సన్ వ్యాధికి, అంటే చేతులు వణికే జబ్బుకు ఇచ్చే మందు ఇది. ముట్టుకుంటే ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి మీకు తెలుసు కదా, దాని గింజల్లో ఎల్-డోపా సహజంగా ఉంటుంది. అమెరికాలో మోన్‌శాంటో కంపెనీకి చెందిన విలియం నోల్స్ 1970ల్లో రోడియంతో కైరల్ ఫాస్ఫీన్ లైగాండును కలిపి ఈ మందును పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఆధిక్యం 95 శాతం దాకా వచ్చింది. 1980లో బారీ షార్ప్‌లెస్ ప్రకటించిన ఎపాక్సీకరణ చర్యలో లోహం టైటానియం. లైగాండ్ మాత్రం మనకు తెలిసిన టార్టారిక్ ఆమ్లపు ఎస్టరే! నోల్స్, షార్ప్‌లెస్, జపాన్‌కు చెందిన ర్యోజి నొయోరి ముగ్గురికీ 2001లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

టీలో కలిసిన చక్కెర

ఇప్పుడు నాయిన ప్రశ్నకు వద్దాం. ఈ ఉత్ప్రేరకాల్లో ఎక్కువ భాగం సజాతీయ ఉత్ప్రేరకాలు. అంటే ముడిపదార్థంతోపాటు అదే ద్రావణంలో కరిగి ఉంటాయి. కరిగి ఉండటంవల్లనే చురుకుగా పనిచేస్తాయి. కానీ కరిగి ఉండటంవల్లనే చివర్లో వేరుచేయడం కష్టం. బియ్యం కడిగిన నీళ్లను వంపేస్తే బియ్యం గిన్నెలో మిగులుతాయి. టీలో కలిసిన చక్కెరను తిరిగి తీయడం అంత సులువు కాదు. ఉత్ప్రేరకం ఖర్చు కాలేదన్న నిర్వచనం నిజమే. కానీ దాన్ని తిరిగి చేతికి తెచ్చుకునే దారి లేకపోతే మనకు ఖర్చయినట్టే. డ్రమ్ముల్లోకి పోయేది అందుకే.

దీనివల్ల నష్టాలు మూడు. మొదటిది ధర. 2021లో ఒక దశలో రోడియం ధర బంగారం ధరకు పది రెట్లు దాటింది. వ్యర్థాన్ని కాల్చి లోహాన్ని తిరిగి రాబట్టే పద్ధతులు ఉన్నాయి. కానీ ఎన్నో మెట్లలో కష్టపడి చేసిన కైరల్ లైగాండ్ ఆ మంటలో బూడిదవుతుంది. చాలాసార్లు లోహంకంటే లైగాండే ఖరీదు. రెండోది, మందులో లోహం మిగిలిపోవడం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నోటి ద్వారా వేసుకునే మందులో రోడియం గానీ పల్లాడియం గానీ రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి శరీరంలోకి పోకూడదు. ఆ మేరకు శుద్ధిచేయడానికి మళ్లీ ద్రావణులు, మళ్లీ ఖర్చు. మూడోది వ్యర్థం. 1992లో రోజర్ షెల్డన్ ఒక లెక్క ముందుకు తెచ్చాడు. ఒక కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో చూడమన్నాడు. మందుల పరిశ్రమలో అది 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అని తేలింది. ఇందులో ఎక్కువ భాగం ద్రావణులు, లవణాలే. అయినా ఉత్ప్రేరకాన్ని వేరుచేయడానికి చేసే కడుగుళ్లు కూడా అందులోకే చేరతాయి. ఆ కిలోలను దొర్లించేది మా నాయినలాంటివాళ్లు.

గోడకు కొట్టిన మేకు

ఉత్ప్రేరకం కరగకుండా ఘనపదార్థంగా ఉంటే వడకట్టి తీసి మళ్లీ వాడుకోవచ్చు. అందుకు తట్టిన మొదటి ఉపాయం, ఉత్ప్రేరకాన్ని కరగని ఒక ఆధారానికి అతికించడం. గోడకు మేకు కొట్టి చొక్కా తగిలించినట్టు. 1973లో ఫ్రాన్స్‌లో హెన్రీ కగాన్ బృందం కైరల్ రోడియం ఉత్ప్రేరకాన్ని పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్కుకు అతికించింది. ఆ లైగాండ్ పేరు డయాప్. దాన్ని తయారుచేసింది కూడా టార్టారిక్ ఆమ్లం నుంచే.

మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అందరూ ఐఐసీటీ అనే సంస్థలోనూ ఇలాంటి ముఖ్యమైన పని జరిగింది. షార్ప్‌లెస్ కనిపెట్టిన మరో చర్యలో ఆస్మియం వాడతారు. ఆస్మియం టెట్రాక్సైడ్ విషపూరితం, సులువుగా ఆవిరవుతుంది, ఖరీదు కూడా. బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం గార్ల బృందం ఆస్మియంను అయాన్ వినిమయ పద్ధతిలో పొరలుపొరలుగా ఉండే ఘనపదార్థంపై నిలిపి, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని 2001లో చూపించింది. లక్ష్మీకాంతం గారు తర్వాత ఆ సంస్థకు డైరెక్టరుగా కూడా పనిచేశారు.

ఆధారం మీద అతికించడంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఘనపదార్థం బరువులో ఎక్కువ భాగం పని చేయని ఆధారానిదే. లోహ కేంద్రాలు అన్నీ ఒకేలా అతుక్కోవు. కొన్ని పైన, కొన్ని మూలల్లో ఇరుక్కుంటాయి. దాంతో చాలాసార్లు చురుకుదనం, ఆధిక్యం రెండూ తగ్గుతాయి.

కావడి, బుట్ట: స్వయం ఆధారిత ఉత్ప్రేరకం

ఇక్కడే అసలు ఆలోచన వచ్చింది. వేరే ఆధారం ఎందుకు? ఉత్ప్రేరకపు ముక్కలే ఒకదాన్నొకటి పట్టుకుని ఘనపదార్థంగా నిలబడితే చాలదా?

దీన్ని రెండు బొమ్మలతో ఊహించుకోండి. మొదటిది కావడి. మామూలు లైగాండుకు లోహాన్ని పట్టుకునే కొస ఒకవైపే ఉంటుంది. రెండు లైగాండులను ఒక గట్టి కర్రలాంటి బంధంతో కలిపితే రెండు కొసలకూ కొక్కేలున్న కావడి తయారవుతుంది. ఇప్పుడు ఒక లోహ అయాను రెండు వేర్వేరు కావళ్ల కొసలను పట్టుకుంటుంది. ఆ కావళ్ల రెండో కొసలను మరో లోహ అయాను పట్టుకుంటుంది. ఇలా లోహం, కావడి, లోహం, కావడి అంటూ అల్లిక పెరిగిపోయి చివరికి ద్రావణంలో కరగనంత పెద్దదై అడుగుకు చేరుతుంది.

రెండోది వెదురు బుట్ట. బుట్టకు లోపల వేరే చట్రం ఉండదు. బద్దలే ఒకదాన్నొకటి పట్టుకుని బుట్టగా నిలబడతాయి. మధ్యలో సందులుంటాయి కాబట్టి నీళ్లు లోపలికీ బయటికీ పోతాయి. ఈ ఉత్ప్రేరకం కూడా అంతే. లోహానికి ఇక్కడ రెండు పనులు. అల్లికను పట్టి ఉంచేదీ అదే, చర్య జరిపేదీ అదే. వృథా బరువు చాలా తక్కువ. వీటినే స్వయం ఆధారిత ఉత్ప్రేరకాలు అంటారు.

2000లో దక్షిణ కొరియాలో కిమూన్ కిమ్ బృందం కైరల్ లైగాండును, జింకు అయాన్లను కలిపి రంధ్రాలున్న స్ఫటికం చేసింది. ఆ లైగాండును కూడా టార్టారిక్ ఆమ్లం నుంచే చేశారు. మన చింతపండు బంధువు ఇక్కడ కూడా వచ్చింది చూశారా! అయితే అప్పుడు వచ్చిన ఆధిక్యం దాదాపు 8 శాతమే. దారి ఉందని తెలిసింది, గమ్యం దూరంగానే ఉంది.

2003లో జపాన్‌లోని ఒసాకాలో హిరోయాకి ససాయ్ బృందం, 2004 నుంచి షాంఘైలో కుయిలింగ్ డింగ్ బృందం ఈ ఆలోచనను బాగా ముందుకు తీసుకెళ్లాయి. వీళ్లు ఎక్కువగా వాడింది బైనాల్ అనే కైరల్ అణువును. మనం ట్రంకు పెట్టెలో బట్టల మధ్య వేసుకునే కలరా ఉండలు తెలుసు కదా, వాటిలో ఉండే నాఫ్తలీన్ పలకలు రెండింటిని ఒక బంధంతో కలిపినట్టు ఉంటుంది బైనాల్. ఆ పలకలు ఒకదానికొకటి అడ్డుపడి స్వేచ్ఛగా తిరగలేవు. అందుకే కుడి మెలిక, ఎడమ మెలిక అని రెండు రూపాలు వస్తాయి.

బైనాల్ నుంచి చేసిన మోనోఫాస్ అనే లైగాండును 2000లో నెదర్లాండ్స్‌లో బెన్ ఫెరింగా, ఆయన సహచరులు ప్రకటించారు. డింగ్ బృందం రెండు మోనోఫాస్‌లను కావడిలా కలిపి రోడియం అయాన్లతో అల్లింది. వచ్చిన ఘనపదార్థంతో అమైనో ఆమ్లాలకు చెందిన పదార్థాలను హైడ్రోజన్ చేర్చి తయారుచేస్తే ఆధిక్యం 90 శాతం దాటింది. దాన్ని వడకట్టి ఏడుసార్లు వాడినా ఆధిక్యం పెద్దగా తగ్గలేదు. లెక్క చూడండి. నూరు ముడిపదార్థ అణువులకు ఒక లోహ అయాను వేశామనుకుందాం. ఒకసారి వాడి పారేస్తే ఒక్కో అయాను నూరు అణువులను చేస్తుంది. ఏడుసార్లు వాడితే అదే అయాను ఏడు వందల అణువులను చేస్తుంది.

లోహ అయాన్లను, కర్బన లైగాండులను కలిపి రంధ్రాలున్న అల్లికలు కట్టే శాస్త్రం ఇప్పుడు చాలా పెద్దదైంది. ఆ అల్లికలను అభివృద్ధి చేసినందుకు 2025 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు దక్కింది.

నేను చేసిన పొరపాటు

ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో నేను కూడా ఇలాంటి పదార్థం ఒకటి చేశాను. రోడియం కొనే స్తోమత మా ల్యాబుకు లేదు. అందుకని కాపర్ అయాన్లను, రెండు కొసల కైరల్ లైగాండును వాడాం. మొదటిసారి బాగా పనిచేసింది. రెండోసారి నెమ్మదించింది. మూడోసారి సగం కూడా పూర్తికాలేదు. ఉత్ప్రేరకం చచ్చిపోయిందని రిపోర్టు రాసి మా గైడు మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఒకటే అడిగారు: "తూకం వేశావా?"

వేయలేదు. వేసి చూస్తే 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టింది 31 మిల్లీగ్రాములే ఉంది. మిగతాది వడకాగితానికి, గాజు గోడలకు అంటుకుని ప్రతిసారీ పోయింది. ఉత్ప్రేరకం చావలేదు, నేనే పారబోశాను. తర్వాత వడకట్టడం మానేసి, పాత్రలోనే అడుగుకు దిగనిచ్చి పైనున్న ద్రావణాన్ని మాత్రం సూదితో లాగేశాను. బియ్యం నీళ్లు వంపినట్టే. అప్పుడు ఐదుసార్లు వాడగలిగాను.

ఆ తర్వాత మేడం మూడు పరీక్షలు నేర్పారు. మళ్లీ వాడవచ్చని ఎవరు చెప్పినా ఈ మూడూ అడగమన్నారు.

ఒకటి: చర్య సగంలో ఉండగా ఘనపదార్థాన్ని వేరుచేసి, మిగిలిన ద్రావణాన్ని అలాగే కలుపుతూ ఉంచాలి. చర్య ఆగిపోతే పనిచేసింది ఘనపదార్థమే. ఆగకపోతే లోహం ద్రావణంలోకి జారిపోయి అక్కడ పనిచేస్తోందని అర్థం.

రెండు: ద్రావణంలోకి ఎంత లోహం వచ్చిందో పరికరంతో కొలవాలి.

మూడు: ప్రతిసారీ చివర్లో కాకుండా మొదట్లోనే వేగాన్ని పోల్చాలి. రెండు గంటల్లో అయిపోయే చర్యను ఇరవై నాలుగు గంటలు నడిపితే, చాలా భాగం చచ్చిన ఉత్ప్రేరకం కూడా పని పూర్తిచేసి మంచిపేరు తెచ్చుకుంటుంది. ఎండు కట్టెలతో వండినా పచ్చి కట్టెలతో వండినా చివరికి అన్నం ఉడుకుతుంది. ఎంతసేపట్లో ఉడికిందో చూస్తేనే కట్టెల సంగతి తెలుస్తుంది.

ఇంకా దాటని ఇబ్బందులు

ఈ ఉత్ప్రేరకాలు అన్ని సమస్యలూ తీర్చేశాయని చెప్తే అబద్ధం అవుతుంది. అల్లిక లోపలికి ముడిపదార్థం చేరడానికి సమయం పడుతుంది కాబట్టి చర్య నెమ్మదిగా జరగవచ్చు. పెద్ద అణువులు సందుల్లో దూరలేవు. రెండు కొసల లైగాండును చేయడానికి అదనపు మెట్లు, అదనపు ఖర్చు. లోహానికి గట్టిగా అతుక్కునే పదార్థం ద్రావణంలో ఉంటే అల్లికే ఊడిపోవచ్చు. ఒక చర్యకు బాగా కుదిరిన కావడి పొడవు మరో చర్యకు కుదరదు. ప్రయోగశాలలో మిల్లీగ్రాములతో ఏడుసార్లు వాడటానికీ, ఫ్యాక్టరీలో కిలోలతో ఏడు వందలసార్లు వాడటానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవడానికి మనుషులు కావాలి. మీలో ఒకరిద్దరు ఎందుకు కాకూడదు?

నాయినకు నా జవాబు

ప్రాజెక్టు అయ్యాక ఇంటికి పోయి నాయినకు చెప్పాను. "ఖర్చు గాదు అన్న మాట నిజమే నాయినా. కానీ తిరిగి చేతికి తెచ్చుకునే ఉపాయం చేస్తెనే అది మిగిలినట్టు. లేకుంటే డ్రమ్ముల పాలే." ఆయన విని, "గట్లయితే ఉపాయం జల్ది చెయ్యున్రి. నడుములు పోతున్నయి" అన్నాడు. నా చదువు ఎందుకో అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

చివరిగా ఒక్క మాట. స్వయం ఆధారితం అనే పేరు మొదటిసారి చదివినప్పుడు, ఎవరి సాయం లేకుండా ఒంటరిగా నిలబడటం అనుకున్నాను. చదివాక తెలిసింది, అలా నిలబడే అణువు ఒక్కటీ లేదు. విడిగా ఉన్నది ద్రావణంలో కలిసిపోతుంది. ఒకదాన్నొకటి పట్టుకున్నవే మిగులుతాయి. టెన్త్‌లో లెక్కల్లో వెనకబడితే నైట్ స్టడీలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన అన్న, ఎం.ఎస్సీ. అడ్మిషన్ ఫీజుకు రాత్రికి రాత్రి డబ్బు పోగుచేసి పంపిన పూర్వ విద్యార్థులు, ఫారాలు నింపిపెట్టిన సారు లేకపోతే ఈ వ్యాసం రాసే నేను ఉండేవాణ్ణి కాదు. కష్టపడి పైకొచ్చాడని నా గురించి ఎవరైనా అంటే, ఇంతమంది పట్టుకున్నారని కూడా కలిపి చెప్పండి.

తమ్ముళ్లకు మూడు ప్రశ్నలు

1. ఎనాన్షియోమర్ ఆధిక్యం 94 శాతం అంటే రెండు రూపాలు ఎంతెంత?

2. ప్రతిసారీ వడకట్టడంలో పదో వంతు ఉత్ప్రేరకం పోతే, ఏడోసారి వాడేటప్పటికి ఎంత మిగులుతుంది?

3. చర్య సగంలో ఘనపదార్థాన్ని తీసేసినా చర్య ఆగలేదు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది?

జవాబులు: 1. 97 పాళ్లు, 3 పాళ్లు. 2. ఆరుసార్లు వడకట్టాం కాబట్టి 0.9ను ఆరుసార్లు హెచ్చవేయాలి. దాదాపు 53 శాతం. 3. లోహం ద్రావణంలోకి జారిపోయింది.

ఈ వ్యాసంలో ఏది అర్థం కాకపోయినా దాచుకోకండి. సారు ఫోన్ నుంచి నాకు మిస్డ్ కాల్ ఇవ్వండి. నేనే చేస్తాను. తెలియనిదైతే కలిసి వెతుకుదాం.